మధ్యాహ్నమయ్యేసరికి ఆర్‌పీఎం సున్నా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాకు నాపరాయి గని ఉంది. గత ఏడాది ఇరవై టన్నుల ప్రొక్లెయిన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాము. ఉదయం బాగానే పనిచేస్తుంది. ఎండ ముదిరి, బండి రెండు మూడు గంటలు నడిచాక మానిటర్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఉన్నట్టుండి సున్నా చూపిస్తుంది. ఇంజిన్ శబ్దంలో తేడా ఉండదు గాని బూమ్, బకెట్ కదలిక బాగా మందగిస్తుంది. ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలే. స్పీడ్ సెన్సర్ మార్పించాము. కొద్ది రోజులకే జబ్బు తిరగబెట్టింది. ఇప్పుడు కంట్రోలర్ (బండిని నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయిందంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: కంట్రోలర్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు రాసినదానిలో అన్నిటికన్నా పనికివచ్చే సంగతి, శబ్దం మారలేదన్నది. డీజిల్ అందక ఇంజిన్ నిజంగానే కుంగితే మానిటర్‌లోని అంకె, శబ్దం రెండూ కలిసి దిగుతాయి. శబ్దం నిలకడగా ఉండి అంకె ఒక్కసారిగా సున్నాకు పడిందంటే, తిరుగుతున్న ఇంజిన్ సంకేతం దారిలో ఎక్కడో తెగుతున్నదన్నమాట. బండి ఆగిపోవడం లేదు కాబట్టి మీది మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉన్న ఇంజిన్ కావచ్చు. అందులో డీజిల్ అందడానికి ఈ సెన్సర్‌తో పని లేదు. హైడ్రాలిక్ పంపు ఇంజిన్ మీద ఎంత భారం వేయవచ్చో తేల్చే కంట్రోలర్‌కు మాత్రం ఈ సంకేతమే ఆధారం. అది అందకపోతే ఇంజిన్ కుంగిపోకుండా పంపు భారాన్ని తగ్గించివేస్తుంది. మీ బూమ్ మందగించడానికి కారణం అదే అయి ఉండాలి. డీజిల్ అందించడాన్ని ఎలక్ట్రానిక్ కంట్రోలరే నడిపే కామన్ రైల్ ఇంజిన్లలో పరిస్థితి వేరు: క్రాంక్, క్యామ్ సెన్సర్ల సంకేతాలు రెండూ పోతే ఇంజిన్ నడవదు.

ముందుగా సెన్సర్‌కు తీగలెన్ని ఉన్నాయో చూడండి. రెండే ఉంటే అది సాధారణంగా అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి కాయిల్ ఉండే రకం. ఫ్లైవీల్ రింగ్ గేర్ పళ్లు దాని ముందు నుంచి పోతున్నప్పుడు కాయిల్‌లో ఏసీ వోల్టేజ్ పుడుతుంది. కాయిల్‌లో వెంట్రుకంత పగులు ఉంటే చల్లగా ఉన్నప్పుడు అంటుకుని, వేడికి విడిపోతుంది. కాబట్టి కొలవవలసింది జబ్బు కనిపించిన ఆ నిమిషంలోనే. చల్లారిన సెన్సర్‌ను కొలిచి బాగుందనడం, జ్వరం తగ్గాక థర్మామీటర్ పెట్టడం వంటిదే. ఆర్‌పీఎం సున్నా కాగానే ఇంజిన్ ఆపి, కనెక్టర్ విప్పి, మల్టీమీటర్‌తో సెన్సర్ వైపు ఓమ్‌లు చూడండి. రాగి నిరోధం వేడితో పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద 800 ఓమ్‌లు ఉన్న కాయిల్ 95 డిగ్రీల వద్ద 1000 దాటి చూపడం సహజమే, దాన్ని లోపమనుకోకండి. మీటర్ అసలు అంకె చూపకపోతే కాయిల్ తెగినట్టు. రెండు తీగలలో ఏదైనా బాడీకి కలిసినట్టు చూపినా సెన్సర్ చెడినట్టే. మూడు తీగలున్నది హాల్ రకం, అంటే లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉండి, బయటి నుంచి కరెంటు అందితేనే పనిచేసేది కావచ్చు. దానికి ఓమ్‌ల పరీక్ష పనికిరాదు, సరఫరా వోల్టేజ్, ఎర్త్ సరిగా అందుతున్నాయా అని చూడాలి.

కొత్త సెన్సర్ వేశాక కూడా అదే జబ్బు వచ్చిందంటే నా అనుమానం ఎక్కువగా వైరింగ్ మీదే. సెన్సర్ చవక, మార్చడం సులువు, అందుకే మెకానిక్కులు మొదట దాని మీదే చేయి వేస్తారు. హార్నెస్ (సెన్సర్ నుంచి కంట్రోలర్ దాకా వెళ్లే తీగల కట్ట) అంతా తడిమి చూడడానికి ఓపిక కావాలి. రెండు చివర్లా కనెక్టర్లు విప్పి, ఒక్కొక్క తీగను మీటర్‌కు పెట్టి, మరొకరి చేత హార్నెస్‌ను ఊపిస్తూ చూడండి. టర్బో, సైలెన్సర్ పక్కగా వెళ్లేచోట ఇన్సులేషన్ మాడిందా, ఎలుకలు కొరికాయా, గని నీటితో కడిగినప్పుడు తడి చేరి పిన్నులకు పచ్చని చిలుము పట్టిందా అన్నవి ప్రత్యేకంగా చూడవలసినవి. ఈ తీగలు సాధారణంగా పురిపెట్టి, పక్క తీగల అలజడి సోకకుండా పైన లోహపు తొడుగుతో (షీల్డ్) ఉంటాయి. పాత బండ్లలో తెగినచోట మామూలు వైరు అతికి, ఆల్టర్నేటర్ కేబుల్‌తో కలిపి టేపు చుట్టేసిన సందర్భాలు కొల్లలు. అలా చేస్తే అంకె సున్నా కాకపోయినా పిచ్చిగా ఎగిరి పడుతుంది.

సెన్సర్‌ను ఎలాగూ బయటికి తీస్తారు గనుక దాని కొనను చూడండి. నాపరాయి దుమ్ము అయస్కాంతానికి అంటదు. కొన మీద నల్లని మెత్తటి పొర గట్టిగా పట్టి ఉంటే అది ఇనుప పొడి, అంటే సెల్ఫ్ మోటార్ పినియన్ రింగ్ గేర్‌ను తినేస్తున్నదని అర్థం. తుడిచి బిగిస్తే కొన్నాళ్లు నడుస్తుంది గాని అసలు పని గేర్‌లో ఉంది. మర తిప్పి బిగించే రకం సెన్సర్‌ను తిరిగి బిగించేటప్పుడు రంధ్రం ఎదుట పన్ను ఉండేలా ఇంజిన్‌ను చేత్తో తిప్పి నిలపాలి. పళ్ల సందులోకి దించి బిగిస్తే సెల్ఫ్ కొట్టగానే కొన విరుగుతుంది. పన్నుకు తాకేవరకు వేళ్లతో తిప్పి, మాన్యువల్ చెప్పినంత వెనక్కి తీయాలి. 1.5 మిల్లీమీటర్ల పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) ఉన్న మరలో అర చుట్టు అంటే 0.75 మిల్లీమీటర్. దూరం ఎక్కువైతే వోల్టేజ్ తగ్గి, ముఖ్యంగా సెల్ఫ్ కొట్టేటప్పుడు సంకేతం అందదు.

ఇవన్నీ సరిగా ఉంటే మల్టీమీటర్‌లో ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని పళ్లు దాటుతున్నాయో) పెట్టి లెక్క చూడండి. రింగ్ గేర్‌కు 126 పళ్లుంటే, 1000 ఆర్‌పీఎం వద్ద 2100 హెర్ట్జ్ రావాలి. జబ్బు కనిపిస్తున్న సమయంలోనే, కంట్రోలర్ పిన్నుల దగ్గర కూడా ఆ సంకేతం సక్రమంగా అందుతూ మానిటర్ సున్నా చూపితే, అప్పుడు కంట్రోలర్‌ను అనుమానించండి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ప్రొక్లెయిన్ ఒకటి బేరానికి చూశాము. ఆర్‌పీఎం సరిగా చూపడం లేదు. అమ్మేవారు “మీటర్ ఒక్కటే పోయింది, బండి బాగుంది” అంటున్నారు. నమ్మవచ్చా?
- తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: మాట మీద నమ్మకండి. మానిటర్‌లో లోపాల చరిత్ర తెరిపించండి. జె1939 పద్ధతి (భారీ వాహనాల్లో వాడే ప్రమాణం) కోడ్‌లు చూపే బండిలో ఎస్‌పీఎన్ ఏ అంశంలో లోపమో, ఎఫ్‌ఎంఐ అది ఎలాంటి లోపమో చెబుతాయి. ఎస్‌పీఎన్ 190 అంటే ఇంజిన్ వేగం. దాని పక్కన ఎఫ్‌ఎంఐ 2 ఉంటే సంకేతం నిలకడగా లేదని, 5 ఉంటే సర్క్యూట్ తెగిందని సూచన. చరిత్ర మొత్తం ఖాళీగా ఉంటే సంతోషించకండి, దాన్ని తుడిచివేయవచ్చు. గంటసేపు బరువు పని చేయించి మళ్లీ చూడండి. అంకె ఎగిరి పడకుండా నిలకడగా ఉండి, కానీ ప్రతి వేగం వద్దా ఒకే నిష్పత్తిలో తప్పు చూపుతుంటే, వేరే బండి ఇంజిన్‌నో పళ్ల సంఖ్య వేరైన ఫ్లైవీల్‌నో వేసి ఉండవచ్చు. కొన్ని మోడళ్లలో పంపు కంట్రోలర్ చెడినప్పుడు తాత్కాలికంగా పని నడిపించడానికి క్యాబిన్‌లో అత్యవసర స్విచ్ ఉంటుంది. అది అత్యవసర స్థానంలోనే వదిలేసి ఉంటే మామూలు స్థానానికి మార్పించి, మీ ఎదుటే ట్రెంచ్ తవ్వించి చూశాకే బేరం మాట్లాడండి.