మెటలర్జీ సీటు వదిలేసి ఏఐలో చేర్చాలా?

ప్రశ్న: అమ్మాయికి వరంగల్ నిట్‌లో మెటలర్జీ వచ్చింది. ఫర్నేస్‌ల దగ్గర మసిలో ఆడపిల్లకేం ఉద్యోగమని బంధువులు భయపెడుతున్నారు. ప్రైవేటు కాలేజీలో ఏఐ తీసుకోమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఆ భయంతోనైతే వద్దు. బంధువుల మాటలన్నీ పూసగుచ్చినట్టు రాశారు, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ముందు ఆమెను అడగండి.

మసి సంగతి చెప్తాను. మెటలర్జిస్టు పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. ఈఎన్‌24 అనే మిశ్రమ స్టీలు షాఫ్టును గట్టిపరచడానికి 840 డిగ్రీలకు కాచి నూనెలో ముంచారు, పెళుసుదనం తగ్గేలా మళ్లీ తక్కువ వేడిలో ఉంచారు (టెంపరింగ్). గ్రైండింగ్ (సానరాయితో నునుపు చేయడం) అయ్యాక పగులు కనిపించింది. తప్పెవరిది? పగులును తెరిచి చూస్తారు. లోపల మందపాటి నల్ల స్కేలు (బాగా కాలినప్పుడు పట్టే ఆక్సైడ్ పొర) పట్టి, అంచుల్లో కార్బన్ పోయి ఉంటే అది ఫోర్జింగ్ (కాచి సాగగొట్టడం) నుంచో ముడిసరుకు నుంచో వచ్చిన పగులు. టెంపరింగ్‌లో పట్టే పల్చటి ఆక్సైడ్ రంగు మాత్రమే ఉంటే నూనెలో ముంచినప్పుడు పగిలింది. లోహం మెరుస్తుంటే ఆ తర్వాతిది, చాలాసార్లు గ్రైండింగ్ వేడి వల్ల. ముక్క కోసి, పాలిష్ చేసి, 2 శాతం నైటాల్ (ఆల్కహాల్లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) పూసి మైక్రోస్కోపులో చూస్తే కార్బన్ పోయిన పొర తెల్లగా తేలుతుంది. ఇది బుర్రతో చేసే పని, ఆడా మగా తేడా లేదు.

నూనెలో ఎందుకు పగులుతుందంటే, మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంలోకి మారేటప్పుడు స్టీలు ఉబ్బుతుంది. పైభాగం ముందే గట్టిపడిపోతుంది, లోపలిది ఆలస్యంగా ఉబ్బి దాన్ని చీలుస్తుంది. కీవే (షాఫ్టులో కీ కూర్చునే గాడి) మూల పదునుగా ఉంటే అక్కడే మొదలు. మూలకు రేడియస్ ఇచ్చి గుండ్రం చేయాలి, షాఫ్టు 60 డిగ్రీలకు దిగగానే టెంపరింగ్‌కు పంపాలి. టైటానియానిది వేరే తంటా: గాలిలో 600 డిగ్రీలు దాటించి ఎక్కువసేపు ఉంచితే ఆక్సిజన్ లోపలికి చొరబడి పైపొర గాజులా పెళుసవుతుంది. అందుకే గాలి తీసేసిన వాక్యూమ్ ఫర్నేస్‌లు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధానికి, రక్షణ రంగ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌కు ఇలాంటి లోహాలతోనే పని.

ఏఐ మీద నా అనుమానం సబ్జెక్టు గురించి కాదు. సీట్లు పెంచినంత వేగంగా మంచి అధ్యాపకులు దొరకరు. ఆ కాలేజీలో పాఠం చెప్పేదెవరు, ల్యాబ్‌లో ఏముంది, గత బ్యాచ్‌లో ఎవరికి ఏ పని దొరికింది? ఇవేవీ కనుక్కోకుండా లక్షలు కట్టడానికి సిద్ధపడ్డారు! పైథాన్ హాస్టల్లో కూర్చుని నేర్చుకోవచ్చు. ఫర్నేస్, మైక్రోస్కోపు ఉన్న ల్యాబ్ మళ్లీ దొరకదు.

మెటలర్జీలో తొలి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువ ఉండొచ్చు, దాచను. గేట్ రాస్తే ఎంటెక్‌కు, కొన్ని ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకు దారి ఉంటుంది. అమ్మాయికి కోడింగ్ నిజంగా ప్రాణమైతే మాత్రం నా జవాబు మారుతుంది. అప్పుడు ఆమెనే రాయమనండి.