సమాధి నుంచి లేచి భిక్షకు

ప్రశ్న: ఆలోచన, అనుభూతి పూర్తిగా ఆగిపోయే నిరోధ సమాపత్తి అనే సమాధిలో ఉన్న బౌద్ధ భిక్షువు ఏడు రోజులు అన్నపానీయాలు లేకుండా కదలక కూర్చుంటాడని చదివాను. అప్పుడు దేహాన్ని నిలిపేది ఏది? నేనూ మూడు రోజులు తిండి మానేసి ధ్యానం చేద్దామనుకుంటున్నాను.

జవాబు: మీ చివరి వాక్యం చూసి, మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి ముందు మీకే రాస్తున్నాను. ముప్పై ఏళ్ల వయసులో నేనూ ఆ పని చేశాను. ఒక ధ్యాన శిబిరంలో ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు భోజనం మానేశాను. మూడో రోజు శ్వాసను గమనిద్దామని కూర్చుంటే మనసంతా అన్నం మీదే. లేవబోయి కళ్లు తిరిగి పడిపోయాను.

ఇక మీ ప్రశ్న. మహావేదల్ల సుత్తం అనే బౌద్ధ సంవాదంలో బుద్ధుడి శిష్యుడు మహాకోట్ఠితుడు తోటి శిష్యుడు సారిపుత్తుడిని అడుగుతాడు: చనిపోయినవాడికీ నిరోధంలో ఉన్నవాడికీ తేడా ఏమిటి? ఇద్దరిలోనూ ఊపిరి ఆగింది, ఆలోచన ఆగింది, గుర్తింపూ అనుభూతీ ఆగాయి. సారిపుత్తుడు చెబుతాడు: మృతుడిలో ఆయువు తీరింది, ఒంట్లో వేడి చల్లారింది, ఇంద్రియాలు చెదిరిపోయాయి. రెండోవాడిలో ఆయువు, వేడి అలాగే ఉన్నాయి, ఇంద్రియాలు తేటగా ఉన్నాయి. దీపంలో జ్వాల, వెలుగు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నట్టే ఆయువు, వేడి కూడా. మీరడిగిన ఆధారం ఈ జంటే.

కానీ ఆ స్థితి ఎనిమిది సమాపత్తులూ, అంటే ఎనిమిది మెట్ల సమాధులూ, వశమైన అనాగామికి (ఈ లోకంలో మళ్లీ పుట్టనివాడికి), అర్హతుడికి (పూర్తి విముక్తి పొందినవాడికి) మాత్రమే. ప్రవేశించే ముందు తమ ఆయువు ఏడు రోజులు మిగిలి ఉందో లేదో చూసుకోవాలని వ్యాఖ్యాత బుద్ధఘోషుడు తన ధ్యాన గ్రంథం విసుద్ధిమగ్గంలో రాశాడు. అంత చూపు ఉన్నవారి సంగతి అది.

నాకు ఎంతో ఇష్టమైన కథ సంజీవుడిది. ఆయన గౌతముడికి ఎంతో ముందటి బుద్ధుడైన కకుసంధుడి శిష్యుడు. చెట్టు కింద నిరోధంలో కూర్చున్న ఆయనను చూసి పశువుల కాపరులు, దున్నేవాళ్లు, బాటసారులు చనిపోయాడనుకున్నారు. గడ్డి, కట్టెలు, పేడ పోగుచేసి నిప్పంటించి వెళ్లిపోయారు. రాత్రి గడిచాక ఆయన లేచి చీవరం (భిక్షువు కట్టే వస్త్రం) దులుపుకున్నాడు. తర్వాత ఏం చేశాడో గమనించండి: పాత్ర పట్టుకుని ఊళ్లోకి భిక్షకు వెళ్లాడు! నిప్పు తాకని ఆ దేహానికి కూడా అన్నం కావలసి వచ్చింది.

గౌతముడూ ఇంతే. తిండి తగ్గించి తగ్గించి ఎముకల గూడయ్యాక, ఇంత చిక్కిన దేహంతో ధ్యానసుఖం అందదని గ్రహించి అన్నం తిన్నాడు. వెంట తపస్సు చేస్తున్న ఐదుగురు, ఆయన తపస్సు వదిలేశాడనుకుని వెళ్లిపోయారు. తిండితో బలం వచ్చాకే మొదటి ధ్యానం, అంటే సమాధిలో తొలి మెట్టు, కుదిరింది.

మీరు రోజూ మందులు వాడుతున్నారో లేదో రాయలేదు. వాడుతుంటే వైద్యుడిని అడగకుండా ఒక్కపూట కూడా మానకండి. లేకపోయినా వేళకు తినండి, కొంచెం ఆగి కూర్చోండి. ఒక నెల అలా చేశాక ధ్యానం ఎలా సాగుతోందో నాకు తప్పకుండా రాయండి.