డిమెన్షియా ఉన్న అత్తగారి అలజడికి సీబీడీ నూనె వాడొచ్చా?

మీరు అడిగింది ఇది: అత్తగారికి అల్జీమర్స్, సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా తిరుగుతూ కేకలు వేస్తారు, స్నానానికి తీసుకెళ్లబోతే కొడతారు. డాక్టర్ రిస్పెరిడోన్ (తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే మందు) రాశారు, దాని గురించి చదివి మీరు భయపడ్డారు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ కూడా వేసుకుంటున్నారు. రిస్పెరిడోన్ బదులు సీబీడీ నూనె (గంజాయి మొక్కలో ఉండే ఒక పదార్థంతో చేసేది) ఇవ్వొచ్చా, ఎవరికైనా పనిచేసిందా?

డిమెన్షియా ఉన్న మా నాన్నగారికి ఆ నూనె డాక్టర్ ఒప్పుకున్నాకే వాడాం. కాస్త తేడా కనిపించింది. అంతకంటే పెద్ద తేడా మాత్రం పారాసెటమాల్ మాత్రతో వచ్చింది. అందుకే ముందు ఆ సంగతి చెప్తాను.

నాన్న కూడా కొట్టేవారు. పొద్దున చొక్కా మార్చే వేళ అయిందంటే మా ఇంట్లో అందరికీ టెన్షనే. ఆయన్ని చూసుకోవడానికి వచ్చే నర్సు ఒక మాట అంది: "ఎప్పుడు కొడుతున్నారో కాదు, ఏం చేస్తుంటే కొడుతున్నారో రాయండి." ఒక నోట్‌బుక్ పెట్టి రాయడం మొదలుపెట్టాం. కొన్నాళ్లకు అందులో ఒకే మాట పదేపదే కనిపించింది. ఎడమ చెయ్యి. కుడి చేతి నుంచి చొక్కా తీస్తే ఊరుకునేవారు. ఎడమ చెయ్యి పైకెత్తగానే ముఖం చిట్లించి, రెండో చేత్తో మా చెయ్యి విదిలించేసేవారు. భుజం బిగుసుకుపోయి ఉంది. నొప్పి అని చెప్పే మాట ఆయన దగ్గర అప్పటికే లేదు. డాక్టర్ చూసి, పొద్దున బట్టలు మార్చడానికి ముందే పారాసెటమాల్ వెయ్యమన్నారు. మేము ముందు కుడి చెయ్యి తీసి, ఎడమ చెయ్యి పైకెత్తకుండానే చొక్కా జార్చడం నేర్చుకున్నాం. పొద్దున గొడవ చాలావరకు తగ్గిపోయింది.

ఇది మా ఇంటికే జరిగిన వింత కాదు. నార్వేలో 18 నర్సింగ్ హోముల్లో డిమెన్షియాతో ఉన్న 352 మంది మీద ఒక అధ్యయనం చేశారు, 2011లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. సగం మందికి ఎనిమిది వారాలు ఒక పద్ధతి ప్రకారం నొప్పి మందులు ఇచ్చారు, వాళ్లలో ఎక్కువమందికి ఇచ్చింది ఉత్త పారాసెటమాలే. వాళ్లలో అలజడి సగటున 17 శాతం తగ్గింది. మీ అత్తగారిది కూడా ముఖ్యంగా స్నానం దగ్గరే అంటున్నారు కాబట్టి ముందు నొప్పి వెతకండి. మోకాళ్లు, నడుము, పళ్లు, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం. వినికిడి యంత్రం బ్యాటరీ అయిపోయినా సాయంత్రం కంగారు పెరుగుతుంది, చాలామంది దాన్ని చూడరు. ఒకవేళ రెండు మూడు రోజుల్లోనే మనిషి పూర్తిగా మారిపోతే అది డిమెన్షియా ముదరడం అనుకోవద్దు. ఇన్‌ఫెక్షన్ గానీ కొత్తగా మొదలుపెట్టిన మందు గానీ కారణం కావచ్చు, అదే రోజు డాక్టరుకు చూపించండి.

ఇక నూనె సంగతి. పొద్దున సమస్య తగ్గినా నాన్నకు సాయంత్రాలు మిగిలాయి. చీకటి పడుతుంటే తలుపు గడియ దగ్గరికి వెళ్లి నిలబడి "ఇంటికి పోదాం పదండి" అనేవారు, ఉన్నది ఆయన సొంత ఇంట్లోనే. దానికే సీబీడీ. చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. గడియ లాగడం తగ్గింది, కేకలు కాస్త మెత్తబడ్డాయి, రాత్రి నిద్ర కొంచెం మెరుగైంది. మోతాదు ఇంకొంచెం పెంచేసరికి విరేచనాలు పట్టుకున్నాయి, పగలు కూడా తూగుతూ ఉండేవారు. లేచి నడిచేటప్పుడు తూలారు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి తిరగడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. డాక్టర్ మోతాదు తగ్గించారు, తర్వాత మెల్లగా ఆపేశారు. ఆపాక సాయంత్రాలు మళ్లీ మొదటికి రాలేదు. కాబట్టి తగ్గింది నూనె వల్లా, అదే సమయంలో పొద్దుగుంకక ముందే లైట్లన్నీ వెయ్యడం, మధ్యాహ్నం నిద్ర తగ్గించడం వల్లా అంటే, నేను రెండోవాటికే ఓటేస్తాను. మా ఆవిడ నూనెకే వేస్తుంది.

పరిశోధనలు కూడా ఇంతకంటే గట్టిగా ఏమీ చెప్పడం లేదు. సీబీడీ ఎక్కువగా, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) చాలా కొద్దిగా ఉన్న నూనెను ఇజ్రాయెల్‌లో 60 మంది డిమెన్షియా రోగులపై 16 వారాలు పరీక్షించి 2022లో ఫలితాలు ప్రచురించారు. నూనె తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి అలజడి స్కోరు చెప్పుకోదగ్గంతగా తగ్గింది. పోల్చి చూడటానికి మందు లేని ఉత్తుత్తి నూనె తీసుకున్నవాళ్లలోనూ 30 శాతం మందికి తగ్గింది. ఈ రెండో అంకె మర్చిపోవద్దు. ఏ మందూ లేకుండానే పదిమందిలో ముగ్గురికి తగ్గిందంటే, "మా అమ్మకి వాడాం, తగ్గింది" అని ఎవరైనా చెప్పినప్పుడు, నేను చెప్పినా సరే, దాన్ని అంతవరకే తీసుకోవాలి. 2021లో కోక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి సమీక్షించే సంస్థ) వాళ్లు డిమెన్షియాకు గంజాయి సంబంధిత మందుల మీద జరిగిన పరీక్షలన్నీ వెతికితే దొరికినవి నాలుగు. అన్నిట్లో కలిపి 126 మంది. లాభం ఉందనీ లేదనీ తేల్చలేమన్నారు.

ఇంకో తికమక ఉంది. "గంజాయి మందు డిమెన్షియాకు పనిచేసింది" అనే వార్తల్లో చాలా వాటికి సీబీడీతో సంబంధం ఉండదు. కెనడాలో అలజడి తగ్గించిందని చెప్పుకునే నాబిలోన్ టీహెచ్‌సీని పోలిన కృత్రిమ మందు. దానితో మగత కూడా బాగా పెరిగింది. గంజాయి కైపు ఎక్కించేది టీహెచ్‌సీ, సీబీడీ కాదు. అసలే అయోమయంలో ఉన్న పెద్దవాళ్లకు టీహెచ్‌సీ ఎక్కువైతే భ్రమలు, కంగారు పెరిగే ప్రమాదం ఉంది.

అందుకే సీసాలో ఏముందన్నది పెద్ద విషయం. అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ ఉత్పత్తులను ల్యాబ్‌లో పరీక్షించి 2017లో జామా పత్రికలో రాశారు. లేబుల్ మీద చెప్పినంత సీబీడీ నిజంగా ఉన్నవి 26. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ బయటపడింది. కాబట్టి ఆ బ్యాచ్‌కు బయటి ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు చూపించలేని సీసా ఎంత బాగా పొగిడినా కొనకండి. మీరుండే చోట చట్టం ఏమంటుందో కూడా ముందే కనుక్కోండి, ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది.

ప్రకృతిసిద్ధం కాబట్టి ఏమీ కాదనే మాట వింటే నాకు చిరాకు. సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్ అనే మందును 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని అరుదైన, తీవ్రమైన మూర్ఛ జబ్బులకు అనుమతించింది, డిమెన్షియాకు కాదు. ఆ మందు వాడేవాళ్లకు లివర్ ఎంజైములు పెరగొచ్చు కాబట్టి రక్తపరీక్షలు చేయిస్తారు. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు కూడా వేసుకునేవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. లివర్‌లో మందులను విరిచే ఎంజైములను సీబీడీ అడ్డుకుంటుంది. దాంతో కొన్ని మందులు రక్తంలో పేరుకుపోతాయి, సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులూ అందులో ఉన్నాయి.

రిస్పెరిడోన్ గురించి మీ భయం ఉత్తిది కాదు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో ఇలాంటి మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని ఎఫ్‌డీఏ 2005లోనే మందు సమాచార పత్రంలో పెట్టె కట్టి మరీ హెచ్చరిక పెట్టించింది. అయినా మనిషి తనకో ఇంకొకరికో దెబ్బ తగిలించే పరిస్థితి ఉంటే తక్కువ మోతాదులో కొంతకాలం ఇస్తారు. మీరు డాక్టర్ని సూటిగా మూడు ప్రశ్నలు అడగండి: ఏ లక్షణం కోసం ఇస్తున్నారు, ఎప్పుడు మళ్లీ చూస్తారు, ఎప్పుడు ఆపుతారు. వీటికి జవాబుంటే ఆ మందును చూసి అంత భయపడక్కర్లేదు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే మీ అంతట మీరు ఆపి నూనె మొదలుపెట్టొద్దు.

మీ విషయంలో అసలు చిక్కు వార్ఫరిన్. సీబీడీ కలిస్తే దాని ప్రభావం పెరిగి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే రక్తపరీక్ష అంకె) పైకి పోవచ్చు, రక్తస్రావం కావచ్చు. వార్ఫరిన్ చూసే డాక్టరుకు తెలియకుండా ఒక్క చుక్క కూడా వెయ్యకండి. ఆయన సరేనంటే మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత మోతాదు మార్చిన ప్రతిసారీ, చివరికి నూనె ఆపినప్పుడు కూడా ఐఎన్‌ఆర్ చూపించాలి. ఎక్కడైనా కొత్తగా నల్లగా కమిలినట్టు కనిపించినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మలం నల్లగా పడినా ఇక ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.