51 ఏళ్లకే ఖాళీ అయ్యాను... ఇంట్లో ఇమడలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 51. కొండాపూర్‌లో సొంత ఫ్లాట్. 1998 నుంచి సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాను. మెయిన్‌ఫ్రేమ్‌తో మొదలుపెట్టి, చివరి పదేళ్లూ ఒక విదేశీ బ్యాంకు సిస్టమ్స్ చూసే టీమ్‌కి మేనేజర్‌గా చేశాను. నిరుడు మా ప్రాజెక్టు మూసేస్తూ, ప్యాకేజీ తీసుకుని వెళ్తారా అని అడిగారు. సరేనన్నాను. ఫ్లాట్ లోన్ తీరిపోయింది, అమ్మాయి బీటెక్ చివరి సంవత్సరం, డబ్బుకి కటకట లేదు. మొదటి రెండు నెలలు హాయిగా గడిచాయి. ఆ తర్వాత పొద్దు గడవడం లేదు. రాత్రి రెండింటికి ఫోన్ మోగినట్టయి మెలకువ వచ్చేస్తుంది. ఊరికే కూర్చోలేక వంటింటి డబ్బాలన్నీ సర్ది లేబుల్స్ అంటించాను. కూరగాయల ఖర్చు ఎక్సెల్‌లో రాస్తున్నాను. పనమ్మాయి ఆలస్యంగా వస్తే అడుగుతున్నాను. మా ఆవిడ మొదట నవ్వి ఊరుకునేది. మొన్న మాత్రం ‘మీకు ఆఫీసు లేకపోతే నా వంటిల్లే దొరికిందా’ అని ఏడ్చేసింది. పదకొండింటికి మా ఇంట్లో సహస్రనామం చదువుకోవడానికి వచ్చే ఆడవాళ్లు కూడా రావడం మానేశారు. ఖమ్మంలో ఉన్న అమ్మకీ, చుట్టాలకీ ఇంకా వర్క్ ఫ్రం హోమ్ అనే చెబుతున్నాం. ఇంత చేసి 51కే పనికిరానివాణ్ని అయిపోయానా అనిపిస్తోంది. మళ్లీ ఉద్యోగం వెతుక్కోమంటారా?
- ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ఉద్యోగం సంగతి చివర్లో చూద్దాం. ముందు మీ ఆవిడ గురించి మాట్లాడుకోవాలి. ఆమె ఎందుకు ఏడ్చిందో మీకు ఇంకా పూర్తిగా అర్థమైనట్టు లేదు.

మీరు సర్దిన డబ్బాల సంగతే తీసుకోండి. పొయ్యి మీద నూనె కాగుతుంటే ఆమె చెయ్యి చూసుకోకుండానే పోపుల డబ్బాలో ఆవాల గిన్నె మీదికి వెళ్తుంది. పెళ్లయినప్పటి నుంచీ అంతే. ఇప్పుడు ఆ చోట మెంతులు ఉన్నాయనుకోండి. ఆగి, కళ్లజోడు సవరించుకుని, లేబుల్ చదివి, ఆవాలు వెతికేలోపు నూనె పొగలొస్తుంది. మీ ఉద్దేశం మంచిదే, సాయం చేద్దామనే చేశారు. కానీ ఇన్నేళ్లుగా ఆమె నడుపుతున్న వ్యవస్థని, ఆమెని ఒక్క మాట అడగకుండా మార్చేశారు. మీ ఆఫీసులో నడుస్తున్న సిస్టమ్‌ని కొత్తగా వచ్చినవాడెవడో చెప్పాపెట్టకుండా మారిస్తే మీరు ఊరుకునేవారా?

సహస్రనామం ఆగిపోవడం ఇంతకంటే పెద్ద విషయం. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. పొద్దున్న టిఫిన్లు, క్యారేజీలు అయ్యాక, మధ్యాహ్నం వంట మొదలయ్యేలోపు ఆమెకంటూ ఉన్న సమయం అదొక్కటే. శ్లోకాలతోపాటు అక్కడ కోడళ్ల కబుర్లు, మోకాళ్ల నొప్పులు, పిల్లల సంబంధాలు అన్నీ నడుస్తాయి. హాల్లో మగమనిషి ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే ఆడవాళ్లు మొహమాటపడతారు. రెండు రోజులు గొంతు తగ్గించుకుని చదువుతారు, మూడో రోజు ఏదో పనుందని మానేస్తారు. కంపెనీ మీ స్నేహితుల్ని మీకు దూరం చేస్తే, మీకు తెలియకుండానే మీరు ఆమె స్నేహితుల్ని ఆమెకి దూరం చేశారు. ఈ మాట కటువుగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను. మీ ఇద్దరి బాధా ఒకటేనని మీరు గుర్తిస్తే సగం గొడవ తగ్గుతుంది.

ఇప్పుడు మీ సంగతి. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడి, దాని మీదే బతుకుతున్న ఊరంతా పని లేకుండా మిగిలిపోయింది. మారీ యహోదా అనే సామాజిక మనస్తత్వవేత్త, ఆమెతో ఇంకొందరు పరిశోధకులు అక్కడికి వెళ్లి, జనం రోజెలా గడుపుతున్నారో చూసి, ఆ వివరాలని 1933లో ప్రచురించారు. వీధిలో ఎవరెంత వేగంగా నడుస్తున్నారో కూడా గడియారం పెట్టి చూశారు. మగవాళ్లు నెమ్మదిగా, మాటిమాటికీ ఆగుతూ నడిచేవారట. ఆడవాళ్లు చకచకా వెళ్లిపోయేవారు, ఎందుకంటే ఇంటిపని వాళ్లకి ఎప్పటిలాగే ఉంది. అందరికీ బోలెడంత తీరిక దొరికినా, ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం మాత్రం బాగా తగ్గిపోయింది. వాళ్లది తిండికి లేని బాధ, మీకు ఆ ఇబ్బంది లేదు. కానీ చేతినిండా సమయం ఉండి పొద్దు గడవకపోవడం మాత్రం మీరు రాసినదే. కాబట్టి దాన్ని బద్ధకమనో చేతకానితనమనో అనుకోకండి.

యహోదా తర్వాతి రోజుల్లో, ఉద్యోగం జీతంతోపాటు ఏమేం ఇస్తుందో వివరించారు. రోజుకో వేళాపాళా, కుటుంబం బయటి మనుషులు, నలుగురితో కలిసి సాధించే పని, సమాజంలో ఒక గుర్తింపు, మనసు బాగున్నా లేకపోయినా లేచి చేయక తప్పని బాధ్యత. మీకు ఇవన్నీ ఒక్క రోజులో ఆగిపోయాయి. వాటన్నిటినీ మీరిప్పుడు మూడు బెడ్‌రూముల ఫ్లాట్‌లోంచి రాబట్టుకోవాలని చూస్తున్నారు. పనమ్మాయి రాక మీకు అటెండెన్స్ అయింది, కూరగాయల చిట్టా బడ్జెట్ రివ్యూ అయింది. ఇల్లు వాటిని ఇవ్వలేదు. అందులో రెండోది, ఇంటి బయటి మనుషులు, ఇంట్లో దొరికే ప్రశ్నే లేదు కదా.

మీ తరానికి ఇంకో చిక్కుంది. 1998లో సైబర్ టవర్స్ మొదలైన రోజుల్లో ఈ రంగంలోకి వచ్చినవాళ్లు మీరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో జుట్టు నెరిసిన మొదటి తరం మీదే. మీ నాన్నల్లో ఎక్కువమంది రిటైరైంది ప్రభుత్వ ఆఫీసుల నుంచో, బ్యాంకుల నుంచో, బడుల నుంచో. ఆ తేదీ ఎన్నో ఏళ్ల ముందే తెలిసేది. ఆ రోజు శాలువా కప్పి, దండ వేసి, భార్యని కూడా పక్కన కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పి, ఇంటిదాకా దింపి వచ్చేవారు. ఊరందరికీ తెలిసేది, ఎవరూ ‘ఎందుకు మానేశావు’ అని అడిగేవారు కాదు. మీ దగ్గర మాత్రం ల్యాప్‌టాప్ అప్పజెప్పించుకుంటారు, సాయంత్రానికి ఈమెయిల్ ఆగిపోతుంది. అది వీడ్కోలులా అనిపించకపోతే తప్పు మీది కాదు.

ప్యాకేజీ గురించి ‘సరేనన్నాను’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ప్రాజెక్టు మూసేశాక అడిగితే, అందులో మీ ఇష్టం ఎంత ఉంటుంది? మనసు నొచ్చుకుని ఉంటుంది. ఆ మాట మీ ఆవిడతో ఎప్పుడైనా అన్నారా? ‘వాళ్లు అలా అడగడం నాకు బాధేసింది’ అని? నాకు అనుమానమే. ఆమెకి కనిపిస్తున్నదల్లా డబ్బాలు సర్దే మనిషి. లోపల బాధపడుతున్న మనిషిని చూపించండి. ఒక సాయంత్రం బొటానికల్ గార్డెన్ దాకా ఇద్దరూ నడిచి వెళ్లి, తీరిగ్గా కూర్చుని చెప్పండి. ఇంట్లో అయితే మధ్యలో కుక్కర్ విజిల్, డోర్‌బెల్.

మీ ఉత్తరంలో నన్ను బాగా కలవరపెట్టింది వర్క్ ఫ్రం హోమ్ అబద్ధం. ‘చెబుతున్నాం’ అని బహువచనంలో రాశారు. అంటే మీ ఆవిడ కూడా చెబుతోంది. ఖమ్మం నుంచి అత్తగారి ఫోన్ వస్తే, పెళ్లిలో ఎవరైనా అడిగితే, ఆమె ఆలోచించి మాట్లాడాలి. అమ్మాయి కూడా జాగ్రత్తపడాలి. రేపు దానికి సంబంధాలు చూసేటప్పుడు ‘నాన్నగారేం చేస్తారు’ అన్నది మొదటి ప్రశ్న. అప్పటిదాకా సాగదీస్తే అవతలివాళ్లు వేరే మార్గంలో తెలుసుకుని, ఇంకేం దాచారో అనుకుంటారు. ‘సాఫ్ట్‌వేర్‌లో మేనేజర్‌గా చేసి రిటైరయ్యారు, అప్పుల్లేవు’ అంటే తలవంచుకోవాల్సింది ఏముంది?

మొదట అమ్మకి చెప్పండి. ఫోన్‌లో వద్దు, ఖమ్మం వెళ్లండి. ‘అమ్మా, మా టీమ్ తీసేశారు. డబ్బిచ్చారు, ఉద్యోగం మానేశాను. ఇంటికేం ఇబ్బంది లేదు, నీకు పంపే డబ్బు ఆగదు.’ ఇంతే. ఆమె కాసేపు బాధపడుతుంది, దిష్టి తగిలిందంటుంది, తర్వాత అన్నం పెడుతుంది. అమ్మకి తెలిస్తే చుట్టాలకి చెప్పే పని మీకుండదు.

ఇక రోజు ఎలా గడపాలన్నది. వారంలో కనీసం నాలుగు రోజులు పదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా మీరు ఇంట్లో ఉండకండి. ‘పదకొండింటికి నేనుండను, మీవాళ్లని మళ్లీ రమ్మను’ అని మీ ఆవిడతో మీరే అనండి. లేబుల్స్ తీసేయాలా ఉంచాలా అని కూడా ఆమెనే అడగండి. ఇంటిపనిలో పాలుపంచుకోవాలనుంటే ఆమె ఇచ్చిన పని ఒక్కటి తీసుకుని, ఆమె చెప్పినట్టే చేయండి.

బయటికి ఎక్కడికి? వాకింగ్, జిమ్ ఒంటికి మంచివే. కానీ మీరు రాకపోతే ‘ఏమైంది సార్’ అని అడిగేవాళ్లు ఉండే చోటు మీకు కావాలి. మీ దగ్గర్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాల హెడ్‌మాస్టర్‌ని కలిసి, పదో తరగతి పిల్లలకి వారానికి రెండు రోజులు లెక్కలు చెప్తానని అడగండి. లేదా హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో గ్రీన్ లైన్‌కి మారి, చిక్కడపల్లిలో దిగండి. అక్కడి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కి, మిగతా పోటీ పరీక్షలకి చదివే పిల్లలు టిఫిన్ బాక్సులు తెచ్చుకుని పొద్దస్తమానం కూర్చుంటారు. అరిథ్‌మెటిక్, రీజనింగ్ దగ్గర ఇరుక్కునేవాళ్లు వాళ్లలో చాలామంది. కొన్నాళ్లు మీ పుస్తకం మీరు చదువుకోండి, పరిచయాలు అవే అవుతాయి. వెళ్లిన మొదటి వారమే వాళ్లకి టైమ్‌టేబుల్ వేయకండి. ఇది ప్రేమతోనే చెబుతున్నాను, మీ చెయ్యి ముందు అటే వెళ్తుంది.

డబ్బు విషయం మీరు అడగలేదు కాబట్టి క్లుప్తంగా. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత హెల్త్ పాలసీ తీసుకోకపోయి ఉంటే ఈ వారమే చూడండి, ముందునుంచి ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. పీఎఫ్‌తోపాటు ఉండే ఈపీఎస్ పెన్షన్ 50 దాటాక తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. మీకు కటకట లేదంటున్నారు కాబట్టి తొందరపడొద్దు.

రాత్రి రెండింటి మెలకువని తేలిగ్గా తీసుకోకండి. సిస్టమ్ ఆగిందంటూ అర్ధరాత్రి వచ్చే ప్రొడక్షన్ కాల్స్‌కి ఏళ్ల తరబడి లేచిన ఒళ్లు ఆ అలవాటుని వెంటనే వదలదు, కొంతవరకు అది మామూలే. పడకగదిలోంచి ఫోన్ తీసేసి, మామూలు అలారం గడియారం పెట్టుకోండి. బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రెండు వారాలు దాటి ప్రతిరోజూ దిగులుగా ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా సైకియాట్రిస్టుని కలవాలి. ‘పనికిరానివాణ్ని’ అన్న ఆలోచన ‘నేను లేకపోతేనేం’ అన్నంతవరకు వెళ్తే అసలు ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా, డబ్బు కట్టక్కర్లేకుండా, తెలుగులో మాట్లాడతారు. మీ ఆవిడకి కూడా ఆ నంబరు ఇవ్వండి.

ఇక మళ్లీ ఉద్యోగం. వద్దని అనను, ఇప్పుడే మాత్రం వద్దు. ఇంట్లోంచి పారిపోవడానికి వెతికే ఉద్యోగమైతే ఏది దొరికితే అది పట్టుకుంటారు. గాయం పచ్చిగా ఉండగా రెండు ఇంటర్వ్యూల్లో మీ వయసు గురించి అడిగితే తట్టుకోలేరు కూడా. ఆరు నెలలు పైన చెప్పినట్టు గడిపి చూడండి. పిల్లలకి చెప్పడం నచ్చితే ఒక దారి ఉంది. పరిశ్రమలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లని పీహెచ్‌డీ లేకపోయినా ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా కాలేజీలు తీసుకోవచ్చని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే ఇది శాశ్వత ఉద్యోగం కాదు, మొత్తం నాలుగేళ్లకి మించదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకి కొదవలేదు, అడిగి చూడొచ్చు.

ఒక కోరిక. మీ ఆవిడని కూడా నాకు ఒక ఉత్తరం రాయమనండి. మీరు చదివి దిద్దకుండా, ఆవిడ రాసింది రాసినట్టు పంపించండి. ఆ తర్వాత మీ ఇద్దరితో కలిపి మాట్లాడతాను.