రెండో ప్లాటు ఆగుతుంది, అమ్మగారి కాశీ ఆగదు

ప్రశ్న: నా వయసు 39. గుంటూరులో ఉంటాం, ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 92,000 వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 31,000. 50 నెలల 10 లక్షల చిట్టీకి నెలకు 20,000 దాకా కడుతున్నాను. 31 నెలలు అయింది, ఇంకా పాడలేదు. పిల్లల ఫీజులు నెలకు 12,000, పాలసీ 4,500, ఇంటి ఖర్చు 20,000. ఊరి బయట 200 గజాల ప్లాటు ఒకటి ఉంది. దాని పక్కదే ఇప్పుడు 22 లక్షలకు వస్తోంది. చేతిలో ఉన్న 2 లక్షలు టోకెన్ ఇచ్చి, చిట్టీ పాడి, 12 లక్షలు పర్సనల్ లోను తీసుకుందామనుకుంటున్నాను. తక్కువైతే మా ఆవిడ బంగారం ఉంది. మా అమ్మకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. కాశీ తీసుకెళ్లమని ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. పిల్లలకూ తిరుపతి తప్ప ఏమీ చూపించలేదు. ఈ ప్లాటు ఒక్కటీ అయిపోతే ఇక నిశ్చింతగా బతకొచ్చు కదా?

జవాబు: నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ఈ ‘ఒక్కటీ అయిపోతే’ అనే మాట ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు మీరు ఇదే అనుకుని ఉంటారు. మొదటి ప్లాటు కొన్నప్పుడూ అనుకుని ఉంటారు. రెండూ అయ్యాయి. నిశ్చింత రాలేదు. మూడోది కొంటే వస్తుందని ఏ లెక్కన అనుకుంటున్నారు?

మీరు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్ మొత్తం చూశాను. గత ఆగస్టులో బోరు మోటారు కాలిపోతే 18,000 పెట్టి కొత్తది వేయించారు. ఆ 18,000ని క్రెడిట్ కార్డులో ఆరు నెలల ఈఎంఐగా మార్చారు. సొంత ఇల్లు, 200 గజాల స్థలం ఉన్న మనిషి మోటారును వాయిదాల మీద కొన్నాడు. మీ అసలు సమస్య అక్కడుంది. మీకు ఆస్తి తక్కువై కాదు, అవసరానికి చేతిలో డబ్బు లేక టెన్షన్. నెల నెలా అన్నీ పోను మీకు మిగిలేది 4,500. పిల్లాడికి జ్వరం వచ్చినా, బండి షెడ్డుకు వెళ్లినా గుండె దడ పుడుతుంది. అలా దడతో బతికేవాళ్లకు అమ్మను కాశీ తీసుకెళ్లాలన్న ఆలోచన కూడా భారంగానే ఉంటుంది. ప్లాటు ఆ దడను తగ్గించదు. రాత్రి పదకొండింటికి ఆసుపత్రి కౌంటర్ దగ్గర ప్లాటు కాగితాలు చూపిస్తే ఎవరూ అడ్మిట్ చేసుకోరు.

ఇక పర్సనల్ లోను. 12 లక్షలు, 13 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుందాం. ఈఎంఐ సుమారు 27,300. మొత్తం కట్టేది 16 లక్షల 38 వేలు. నెలకు 4,500 మిగిలే ఇంట్లో 27,300 ఎక్కడి నుంచి తెస్తారు? మీ ఆవిడ ఉద్యోగంలో చేరాక సర్దుకుంటామని రాశారు. ఉద్యోగం ఇంకా రాలేదు, ఈఎంఐ మాత్రం వచ్చే నెలే మొదలవుతుంది. పాడిన చిట్టీ కట్టలేకపోతే జామీను సంతకం పెట్టిన మీ స్నేహితుల మీదకు వెళతారు. ఆ పైన ఆవిడ బంగారం. పైసా అద్దె రాని ఖాళీ స్థలం కోసం ఇంట్లో అందరినీ ఇంత ఇరుకున పెట్టడం తప్పు. మెత్తగా చెప్పే విషయం కాదు కాబట్టి సూటిగానే చెబుతున్నాను.

ఆ 2 లక్షలు ఇంకా ఇవ్వలేదు కదా. అందులో లక్షన్నర ఈ వారమే డిపాజిట్ చేయండి, అడిగిన రోజే తీసుకునేలా ఉండాలి. మీ ఇల్లు ఒక నెల నడవడానికి 87,500 కావాలి. ఆరు నెలలకు 5 లక్షల 25 వేలు. ఇంతా అత్యవసర నిధిగా ఉండాల్సిందే. నెలకు 4,500 దాచి అక్కడికి చేరాలంటే ఏళ్లు పడుతుంది. కానీ మీ చేతిలో చిట్టీ ఉంది. ఇప్పుడే తొందరపడి పాడొద్దు. చివరి నెలల్లో పోటీ తగ్గి, పాట తక్కువకు పోయేటప్పుడు, అంటే మీరు వదులుకునేది తక్కువైనప్పుడు పాడండి. వచ్చిన దాంట్లోంచి ముందు ఈ నిధి నింపండి, మిగిలితే ఇంటి లోనుకు కట్టండి. డిపాజిట్లను రెండు బ్యాంకుల్లో వేయండి. ఒక బ్యాంకులో ఒకరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది. ‘ఊరికే బ్యాంకులో పడి ఉంది’ అని మీ బావమరిదో స్నేహితుడో అంటారు. అననివ్వండి. పడి ఉండటమే దాని పని.

అమ్మగారు మీ కంపెనీ ఆరోగ్య బీమాలో లేరు. షుగర్ సంగతి దాచకుండా రాసి, ఆవిడ పేరిట విడిగా పాలసీ తీసుకోండి. ముందునుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే వాటి ఖర్చును బీమా ఇవ్వని కాలం, ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు, అందుకే ప్రతి నెల ఆలస్యమూ నష్టమే. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. 70 నిండాక, ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత వైద్యానికి కేంద్రం ఇచ్చే వయ వందన కార్డుకు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హత వస్తుంది. దానికింకా రెండేళ్లుంది, ఆ రెండేళ్లూ ఖాళీగా వదలకూడదు. మీకేమైనా అయితే ఇంటికి పెద్ద మొత్తం వచ్చే టర్మ్ పాలసీ మీకు లేదు, తీసుకోండి. మ్యూచువల్ ఫండ్లు, వాటిలో నెల నెలా వేసే సిప్‌లు అత్యవసర నిధి నిండాక చూద్దాం.

2 లక్షల్లో మిగిలిన 50,000 కాశీకి. అత్యవసర నిధి నిండేదాకా వేరే ఖర్చు వద్దని అందరికీ చెప్పే నేను, ఇక్కడ మాత్రం ఆగమనను. కారణం చెబుతాను. మా నాన్నగారు స్కూలు మాస్టారు. అమ్మను కాశీ తీసుకెళ్లి తొమ్మిది రాత్రులు నిద్ర చేయిస్తానని చాలా ఏళ్లు చెప్పారు. రిటైర్మెంట్ డబ్బులు వచ్చాక అన్నారు. డబ్బులు వచ్చేసరికి అమ్మ మోకాళ్లు పోయాయి, ఘాట్ మెట్లు దిగే పరిస్థితి లేదు. నాన్నగారు ఒక్కరే వెళ్లి, సీలు వేసిన గంగ చెంబు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. దాన్ని ఆవిడ రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. సమారాధన చేశాం, ఊరంతా వచ్చి భోంచేశారు. అమ్మ కాశీ చూడకుండానే పోయింది. అప్పటికి బ్యాంకులో డబ్బుకు ఏ లోటూ లేదు.

మీ పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి అని రాశారు. ఇంటర్‌కు హాస్టల్లో వేయాలనుకుంటున్నారు. అంటే ఆ అమ్మాయి మీ ఇంట్లో, మీ కళ్ల ముందు ఉండేది ఇంకా రెండేళ్లలోపే. గుంటూరు నుంచి సూర్యలంక బీచ్ గంటన్నర దారి. పులిహోర కట్టుకుని ఆదివారం పొద్దున్నే బయల్దేరితే పెట్రోలుతో సహా వెయ్యి, పదిహేను వందల్లో అయిపోతుంది. మిగిలే 4,500లోంచి నెలకు ఒక వెయ్యిన్నర దీనికి పక్కన పెట్టండి. దుబారా అనుకోకండి, ఇదీ ఇంటి ఖర్చే.

వచ్చే 10న టోకెన్ ఇస్తానని మాట ఇచ్చారట. ఇవ్వలేనని ఈ రోజే ఫోన్ చేసి చెప్పేయండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఎండలు లేని రోజులు చూసి టికెట్లు తీయండి. అమ్మగారికి కింది బెర్త్ అడగండి.