మొదటి కస్టమ్ కత్తి: 500 డాలర్లలో ఏది?

మీరు డాలస్‌లో ఉంటున్నారు, కలెక్షన్‌కి మొదటి కస్టమ్ కత్తి, అంటే ఒక కమ్మరి చేత్తో చేసినది, కొనాలనుకుంటున్నారు. బడ్జెట్ 500 డాలర్లు, జింక కొమ్ము పిడి వేసిన డమాస్కస్ కత్తి (ఉక్కు పొరలు కలిపి కొట్టడంతో అలల్లాంటి గీతలు తేలేది) 90కే కనిపించింది, కొనొచ్చా అని అడిగారు. వద్దండి. ఆ ధరలో వచ్చేవాటిలో ఏ ఉక్కు వాడారో, హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కును కాచి చల్లార్చి గట్టిపరచడం) ఎలా చేశారో చాలాసార్లు అమ్మేవాడికే తెలియదు. ఒక్కోసారి ఆ గీతలు లేజర్‌తో పైపైన వేసినవే. అసలు డమాస్కస్ అయితే నమూనా కత్తి వెన్ను మీదుగా రెండో పక్కకి సాగుతుంది.

కత్తులు చేసే కమ్మరుల సంఘం అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీలో జర్నీమన్ స్మిత్ (మాస్టర్‌కి ముందు స్థాయి) పరీక్ష నెగ్గిన కమ్మరి చేసిన సాదా హంటర్ (వేట) కత్తి తీసుకోండి. 3.5 నుంచి 4 అంగుళాల బ్లేడు, 52100 లేదా 1084 రకం లాంటి ఒకే ఉక్కు, మైకార్టా (గుడ్డ పొరలను రెసిన్‌తో గట్టిపరిచిన పదార్థం) పిడి. బ్లేడు మీద జె.ఎస్. (జర్నీమన్ స్మిత్) ముద్ర ఉంటుంది. ఆ పరీక్షలో తను చేసిన కత్తితో వేలాడే అంగుళం తాడును ఒక్క వేటుకు తెంపాలి, టూ-బై-ఫోర్ (ఇళ్ల కట్టడంలో వాడే) చెక్కను రెండుసార్లు రెండు ముక్కలయ్యేలా నరకాలి, ఆపైన అదే అంచుతో చేతి వెంట్రుకలు గీయాలి. చివర్లో బ్లేడును 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. ఆ పేరు ఊరికే రాదు.

సాదా కత్తిలో తప్పు దాక్కోలేదు. మొనను మీవైపు తిప్పి వెన్ను వెంట చూడండి, వంకర తెలిసిపోతుంది. పిడి దగ్గర బ్లేడు అంచువైపు వాలు మొదలయ్యే గీత రెండు పక్కలా ఒకే చోట, ఒకే ఒంపుతో ఉండాలి. చెయ్యి తిరగనివాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. గార్డుకీ (పిడి ముందు ఉండే లోహపు అడ్డు) బ్లేడుకీ మధ్య వెలుతురు కనిపిస్తే పక్కన పెట్టేయండి, ఆ సందులోకి తేమ దిగి లోపల తుప్పు పడుతుంది. పిడి, ఉక్కు కలిసే చోట గోరు నడిపితే ఎక్కడా తగలకూడదు.

ఆర్డరిచ్చి ఎదురుచూడటం రెండో కత్తికి పెట్టుకోండి. మొదటిది తయారైనదే చేత్తో పట్టుకు చూసి కొనండి; ఏటా అట్లాంటాలో జరిగే బ్లేడ్ షో అందుకు మంచి చోటు. ఆర్డరుకి మొత్తం డబ్బు ముందే అడిగేవాళ్లతో పేచీ ఎక్కువ.

ఇంటికి తెచ్చాక తోలు ఒరలో ఉంచకండి. తోలు తేమ పట్టి ఉంచుతుంది, అందులోని ఆమ్లాలకి ఉక్కు మీద చుక్కలు పడతాయి, ఇత్తడి పచ్చబడుతుంది. పల్చగా రెనసాన్స్ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా రాసే మైనం) రాసి విడిగా పెట్టండి. కలెక్షన్ కత్తికి మళ్లీ సాన పట్టించడం, పాలిష్ చేయించడం అసలే వద్దు, విలువ పడిపోతుంది.

ఇండియాకి తీసుకెళ్లే ఆలోచన ఉంటే సాంబర్ జింక (కణుజు) కొమ్ము పిడి జోలికి పోకండి, 1972 వన్యప్రాణి చట్టంతో చిక్కు. బ్లేడు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటితే ఆయుధాల చట్టం లెక్కలోకి వస్తుంది.