కండోమ్‌తో కొబ్బరినూనె వాడొచ్చా? వద్దు చెల్లీ, జెల్ తెచ్చుకోండి

చెల్లీ, కాన్పయ్యి అయిదు నెలలు, పాపకి పాలిస్తున్నావు, కాపర్ టీ వద్దనుకుని కండోమ్ వాడుతున్నారు, కానీ బాగా పొడిగా ఉండి మంటొస్తంది, ఇంట్లో కొబ్బరినూనె ఉంది కదా రాసుకుందాం అని మీ ఆయన అంటున్నాడు, రాయొచ్చా అని కదా నువ్వడిగింది. రాయొద్దమ్మా. కండోమ్ వాడినంతకాలం నూనె ఏదైనా సరే వద్దు. మెడికల్ షాపులో వాటర్ బేస్డ్ లూబ్రికెంట్ జెల్ అని అడిగితే ఇస్తారు, అది వాడుకోండి.

మాది ఉద్దానం, మా వైపు తలకైనా, పిల్లల ఒళ్ళు మర్దనాకైనా, పెదాలు పగిలినా కొబ్బరినూనే, మన తోటలో కాయల నూనె దాంతో నష్టమేటి అనిపిస్తాది. ఒంటికి నష్టం లేదు నిజమే, నష్టం కండోమ్‌కి. మనకి దొరికే కండోమ్‌లు దాదాపు అన్నీ లేటెక్స్‌వే, అంటే రబ్బరు పాలతో చేసినవి, నర్సమ్మ ఊరికే ఇచ్చే నిరోధ్ కూడా అదే. నూనె తగిలితే ఆ రబ్బరు దాన్ని పీల్చుకుని ఉబ్బి మెత్తబడిపోద్ది, సాగే బలం పోద్ది. ల్యాబ్‌లో మినరల్ ఆయిల్‌తో చూస్తే ఒక్క నిమిషానికే బలం 90 శాతం దాకా పడిపోయింది, బేబీ ఆయిల్ అంటే ఎక్కువగా ఆ మినరల్ ఆయిలే. పైకి చూస్తే కండోమ్ బాగానే ఉన్నట్టు ఉంటాది, అదే భయం. మీ ఆయన నమ్మకపోతే ఒక బెలూన్ ఊది దానికి నూనె రాసి అలా రుద్దుతూ ఉండమను, ఆయనే చూస్తాడు. వెన్న, నెయ్యి, బాడీ లోషన్, కోల్డ్ క్రీమ్, వాజిలిన్ అన్నిటికీ ఇదే మాట.

నా రెండో కాన్పు తర్వాత నాకూ అచ్చం ఇలాగే అయ్యింది. మా దగ్గర ఒక మెడికల్ షాపులో మా ఆయన వెళ్ళి అడిగితే పెట్రోలియం జెల్లీ, అంటే వాజిలిన్ లాంటిదే, ఆ డబ్బా చేతిలో పెట్టాడు, జెల్లీ అని అడిగాం కదా జెల్లీయే ఇచ్చాడు అనుకున్నాం, అదృష్టం కొద్దీ మా వదిన స్టాఫ్ నర్సు, డబ్బా చూసి వెంటనే తీసి పక్కన పెట్టేసింది. తర్వాత శ్రీకాకుళం వెళ్ళినప్పుడు పెద్ద షాపులో కేవై జెల్లీ తెచ్చుకున్నాం. డ్యూరెక్స్ వాళ్ళ లూబ్ కూడా దొరుకుతుంది. కంపెనీ ఏదైనా గానీ ట్యూబు వెనక చదువు: వాటర్, గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సెల్యులోజ్ ఇలాంటివుంటే పర్వాలేదు, మినరల్ ఆయిల్, పారాఫిన్, పెట్రోలేటమ్, కోకోనట్ ఆయిల్, ఆల్మండ్ ఆయిల్ ఏది కనిపించినా తిరిగి ఇచ్చెయ్. డైమెథికోన్ అని ఉంటే అది సిలికాన్, అది లేటెక్స్‌ని ఏమీ చెయ్యదు, అసలు కండోమ్ ప్యాకెట్ విప్పగానే చేతికి తగిలే జారుడు చాలావాటికి సిలికానే.

వాడే పద్ధతి సింపులే, కండోమ్ వేసుకున్నాక పైన రాసుకోవాలి, నీకూ కొంచెం రాసుకో. ముందే కండోమ్ లోపల ఎక్కువ పోస్తే అది జారిపోవచ్చు. వాటర్ బేస్డ్‌ది కాసేపటికి ఆరిపోద్ది, మళ్ళీ వేసుకోడానికి మొహమాటపడకు.

గ్లిజరిన్ మరీ ఎక్కువున్న జెల్ కొందరికి మంట పెడుతుంది, అది చర్మంలో నీళ్ళని బయటికి లాగేస్తాది. 2012లో డబ్ల్యూహెచ్‌ఓ ఇలాంటి జెల్‌ల గాఢతకి (ఆస్మోలాలిటీ అంటారు, కిలోకి ఇన్ని మిల్లీఆస్మోల్స్ అని కొలుస్తారు) 1200 దాటకూడదని హద్దు పెట్టింది, 380 లోపుంటే మరీ మంచిదంది, కానీ ట్యూబుల మీద ఆ నంబరు మామూలుగా ఉండదు కాబట్టి నీ ఒంటికి ఏది పడిందో అదే చూసుకోవాలి. వేడి పుట్టించేవి, చల్లగా చురుక్కుమనిపించేవి ఇప్పుడసలు వద్దు, కుట్లు మానిన చోటు ఇంకా సున్నితంగా ఉంటాది. తిమ్మిరి ఎక్కించే లిగ్నోకైన్ జెల్లీ కూడా వద్దు, నొప్పి తెలియకపోతే లోపల చీరుకుపోయినా తెలియదు.

చాలామందికి తెలియని ఇంకొకటి, దురదకి డాక్టర్లు ఇచ్చే క్లోట్రిమజోల్ క్రీములు, లోపల పెట్టుకునే మాత్రలు కూడా లేటెక్స్‌ని పాడుచేస్తాయి. అవి వాడే రోజుల్లో దూరంగా ఉండటమే నయం, ఎప్పట్నుంచి కలవొచ్చో డాక్టర్నే అడుగు.

ఇంకో మాట, మనసులో పెట్టుకోకు. పాలిచ్చేటప్పుడు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోద్ది, అందుకే ఈ పొడిదనం, నీకు ఇష్టం లేకో ఆయన మీద ప్రేమ తగ్గో కాదు. ఈ మాట మీ ఆయనకి కూడా చెప్పు, మా ఆయన తెలుసుకున్నాక తొందరపడటం మానేశాడు, నాకు సగం ఇబ్బంది అక్కడే తీరింది. జెల్ వాడినా నొప్పి తగ్గకపోతే, రక్తం కనిపిస్తే లేడీ డాక్టర్‌కి చూపించుకో, పాలిస్తున్నానని ముందే చెప్పు.

ఎప్పుడైనా కండోమ్ చిరిగితే కంగారుపడి ఊరుకోవద్దు, 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, గర్భం రాకుండా ఆపే లెవోనార్జెస్ట్రెల్ అనే అత్యవసర మాత్ర వేసుకో, పాలిచ్చే తల్లులు కూడా వేసుకోవచ్చు. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు, మీ ఊరి ఆశా కార్యకర్తని అడిగినా దొరకొచ్చు.